దానంతటదే లేచే చెయ్యి

ఆ మసాజ్ సెంటర్లో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని లేదు. యజమానురాలి దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరూ ఇనపక్క అనే అంటారు. ఎప్పుడో ఒక కస్టమరు టేబుల్ దిగి, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇవి చేతులా తల్లీ, ఇనుమా?" అంది. అంతే, ఆ ముక్కని బిరుదులా భుజాన వేసుకుని ఇంటికొచ్చి, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకుంది ఇనపక్క. ఆ కస్టమరు మళ్ళీ ఆ వీధి ఛాయలకే రాలేదన్న సంగతి మాత్రం ఆవిడ బుర్రకెక్కలేదు. బిరుదు ఇచ్చినవాళ్ళు మళ్ళీ మొహం చూపించాలని రూలేమైనా ఉందా?

ఇనపక్కకి ట్రైనింగ్ అన్న మాట వింటేనే ఒళ్ళు మంట. ఒళ్ళు పట్టడానికి చదువెందుకని ఆవిడ వాదన. చేతులున్నాయి, నూనె ఉంది, ఎదురుగా ఒక వీపు ఉంది, ఇంక క్లాసులో కూర్చుని నేర్చుకునేది ఏముంది? అదే సెంటర్లో పనిచేసే ఆవిడ తోడికోడలు దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. క్లాసంటే చాలు చెవికోసుకుంటుంది. రాళ్ళు వేడిచేసి వీపు మీద పేర్చే క్లాసు, వెదురు కర్ర దొర్లించే క్లాసు, అరికాలు నొక్కి కాలేయం బాగుచేసే క్లాసు, ఏదీ వదల్లేదు. ప్రతి దానికీ ఒక సర్టిఫికెట్టు, ప్రతి సర్టిఫికెట్టుకీ ఒక ఫ్రేము. ఇద్దరివీ ఒకే ఇంట్లో పైవాటా, కిందవాటా కాపురాలు. పైవాటా గోడ మీద క్యాలెండరుకి కూడా చోటు లేకుండా పోయింది.

"రేపు చీపురుకట్టతో వీపు తోమడం నేర్పిస్తామన్నా నువ్వు ముందు వరసలో కూర్చుంటావే," అనేది ఇనపక్క.

"నేర్చుకుంటే పోయేదేముందక్కా?" అనేది తోడికోడలు, ఫ్రేముకి పట్టిన దుమ్ము కొంగుతో తుడుస్తూ.

"గోడ పోతుంది. మేకులు కొట్టీ కొట్టీ దాన్ని జల్లెడ చేశావు."

నిజం చెప్పాలంటే ఇద్దరూ ఇద్దరే. ఒకావిడకి తనకి తెలియనిది ఏదీ లేదని గీర. ఇంకొకావిడకి కాగితం మీద రాసిచ్చేదాకా తనకేం తెలుసో తనకే తెలియదు. వీళ్ళిద్దరి మధ్యా నలిగింది అత్తగారు.

అత్తగారు నోట్లో నాలుక లేని మనిషి. వయసులో ఉన్నన్నాళ్ళూ కుట్టుమిషను తొక్కి పిల్లల్ని పెంచింది. ఆ మిషను పుణ్యమా అని కుడి భుజం పట్టేసింది. పెద్దకోడలు ఈ పనిలో చేరిన కొత్తల్లో, "అత్తయ్యా, కాస్త పడుకోండి, చెయ్యి తిరగడానికి మీ మీద చేసి చూస్తాను," అంది. అలా పడుకున్న మనిషి ఇంక లేవలేదనుకోండి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కిందవాటాలో చాప పరవడం, దాని మీద దుప్పటి, పక్కన నూనె గిన్నె. అత్తగారు వచ్చి చెప్పకుండానే పడుకునేది. కోడలు వీపు అయ్యాక చెయ్యి అందుకోబోతే, అందుకునేలోపే ఆ చెయ్యి లేచేది. కాలు పట్టుకోబోతే మోకాలు మడిచి సిద్ధంగా ఉండేది. తల తిప్పాలనుకుంటే తల తిరిగిపోయేది. అరగంట అయ్యాక "బాగుంది కదా అత్తయ్యా?" అని కోడలు, "బాగుందమ్మా," అని అత్తగారు. ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం కూడా ఈ మాట మారలేదు.

ఇది చూసుకుని ఇనపక్క మురిసిపోయేది. తన చెయ్యి తగిలితే చాలు, మనిషి ఒళ్ళు దానంతటదే కదులుతుందని ఆవిడ నమ్మకం. అదొక విద్య అనీ, అది క్లాసుల్లో దొరకదనీ, పుట్టుకతో రావాలనీ తోడికోడలికి వినపడేలా అనేది.

ఇలా ఉండగా సెంటరుకి ఫిర్యాదులు వచ్చాయి. ఒకరు భుజం లాగేసిందన్నారు, ఇంకొకరు మోచెయ్యి వాచిందన్నారు. ఎవరు చేసినప్పుడన్నది యజమానురాలు బయటికి చెప్పలేదు. అందరినీ రిసెప్షన్ దగ్గర నిలబెట్టి ఒక్కటే మాట చెప్పింది.

"కొత్తా పాతా లేదు, అందరూ రిఫ్రెషర్ క్లాసుకి వెళ్ళాల్సిందే. చివర్లో ప్రాక్టికల్ ఉంటుంది. అది పాసైన వాళ్ళనే టేబుల్ దగ్గరికి పంపిస్తాను. కానివాళ్ళు పాసయ్యేదాకా తువ్వాళ్ళు మడతపెట్టుకోవాలి. ఆపైన మీ ఇష్టం."

ఇనపక్క నవ్వింది. మొదట్లో అది జోకనుకుంది. యజమానురాలు నవ్వకపోయేసరికి మొహం మాడ్చుకుంది.

"నాకు క్లాసా? ఈ సెంటరు తలుపులు తెరిచిన రోజు నుంచీ ఉన్నాను నేను!"

"అందుకే నువ్వే ముందు వెళ్ళు," అంది యజమానురాలు.

ఆ మాటకి ఇనపక్కకి తల కొట్టేసినట్టయింది. తువ్వాళ్ళ గది ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. కిటికీ లేని ఇరుకు గది, వాషింగ్ మిషను రొద, తడి బట్టల వాసన. అక్కడ కూర్చుని, ఇన్నాళ్ళూ తను అజమాయిషీ చేసిన పిల్లలు టేబుల్ దగ్గర్నుంచి తెచ్చి పడేసే తువ్వాళ్ళు మడతపెట్టడమంటే చచ్చినంత పని. ఆవిడకి ఈ టేబుల్ తప్ప ఇంకో గొప్ప లేదు. ఇంట్లో మొగుడు ఆవిడ మాట వినడు, పిల్లలు వింటున్నట్టు నటిస్తారు. టేబుల్ మీద బోర్లా పడుకున్న మనిషి ఒక్కతే ఆవిడ చెప్పినట్టు వింటుంది.

సరే, క్లాసుకి వెళ్ళింది. టైర్ల దుకాణం పైన ఒక పొడుగాటి హాలు. వరసగా మడత టేబుళ్ళు, వాటి మీద పలచటి కాగితం పరుపులు, మూలన మంచినీళ్ళ డబ్బా. కింద టైర్లకి గాలి కొట్టే చప్పుడు, పైన మాస్టారు స్పీకర్లో పెట్టిన జలపాతం చప్పుడు. మనసు నెమ్మదించడానికట. మనసు సంగతేమో గానీ, ఆ నీళ్ళ చప్పుడుకి గంట తిరక్కుండా సగం మంది బాత్రూం ఎక్కడని అడగడం మొదలుపెట్టారు. ఇనపక్క ఆయనకి అక్కడికక్కడే జలపాతం మాస్టారని పేరు పెట్టేసింది.

జలపాతం మాస్టారు కూడా ఆ పేరుకి తగ్గవాడే. గట్టిగా మాట్లాడితే ఎక్కడ పగిలిపోతాడో అన్నట్టు గొంతు. ప్రతి మాటకీ ముందు కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తాడు. "ముందు మీ భుజాల్ని మీరు క్షమించండి," అన్నాడు మొదటి రోజు. భుజాలు ఏం తప్పు చేశాయో చెప్పలేదు. అందరూ భుజాల్ని క్షమించారు. తోడికోడలైతే ఆ మాట నోట్సులో రాసుకుంది కూడా.

పడుకునే మనిషిని ఆయన 'బాడీ' అంటాడు. "బాడీ సౌకర్యం చూడండి, బాడీతో మాట్లాడండి." ప్రాణమున్న మనిషిని పట్టుకుని బాడీ ఏమిటి, పోస్టుమార్టం గదిలోలాగా అని ఇనపక్క పక్కవాళ్ళతో గొణిగింది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు లెండి.

ఇంక అభ్యాసం సంగతి చెప్పాలి. ఇద్దరిద్దరు జతలు. ఒకరు పడుకుంటే ఒకరు చేయాలి, తర్వాత తారుమారు. చేస్తున్నంతసేపూ నొప్పి ఎంతుందో పడుకున్నవాళ్ళు సున్నా నుంచి పది లోపు అంకె చెప్పాలి. ఈ అంకెల తమాషా చూడాలి మీరు. పడుకున్న మనిషి పళ్ళు బిగబట్టి, కాలివేళ్ళు ముడుచుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే "మూడు" అంటుంది. ఎందుకంటే కాసేపట్లో కిందకి తను దిగుతుంది, ఆ ఒత్తే మనిషి పడుకుంటుంది. ఇప్పుడు తొమ్మిదంటే అప్పుడు తనకీ తొమ్మిదే పడుతుంది. నువ్వు నన్ను మెచ్చుకో, నేను నిన్ను మెచ్చుకుంటా. హాలంతా మూళ్ళూ నాలుగులే. ఆ లెక్కన ఆ హాల్లో ఉన్నంత చక్కని చేతులు భూమ్మీద ఇంకెక్కడా ఉండకూడదు.

ఇనపక్కకి జతగా పడింది తోడికోడలే. "ఎంతే?" అని ఇనపక్క గద్దిస్తే, "రెండక్కా," అని తోడికోడలు చెప్పింది. ఆ రెండు చెప్పినప్పుడు ఆవిడ మొహం కాగితం పరుపులో కూరుకుపోయి ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. అక్కతో గొడవ పడితే సాయంత్రం ఇంటికెళ్ళాక మెట్ల దగ్గర ఎవరు వింటారు ఆ సాధింపు?

మర్నాడు మాస్టారు చెయ్యి ఎత్తడం నేర్పిస్తానన్నాడు. ఇనపక్కకి నవ్వాగలేదు.

"చెయ్యెత్తడం కూడా నేర్పాలా మాస్టారూ? అదేమైనా బస్తానా?"

మాస్టారు కళ్ళు మూసి ఊపిరి పీల్చాడు. తర్వాత ఒకామెని వెల్లకిలా పడుకోబెట్టి, మోచెయ్యి కింద ఒక చెయ్యి, మణికట్టు కింద ఒక చెయ్యి పెట్టి, ఏమీ చేయకుండా అలాగే నిలబడ్డాడు. ఎంతకీ ఎత్తడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆఖరికి పడుకున్నామె చెయ్యి బరువుగా ఆయన చేతుల్లోకి ఒరిగింది, అప్పుడు ఎత్తాడు. నిద్రపోతున్న పసిపిల్ల చెయ్యిలా వేలాడింది అది.

"ఇదొక్కటే నేను చూసేది ప్రాక్టికల్లో," అన్నాడు. "బాడీ తన బరువు మీకు ఇవ్వాలి. ఇచ్చిందంటే మిమ్మల్ని నమ్మినట్టు. ఇవ్వలేదంటే, మీరు పైపైన ఎంత చేసినా ఆ కండ లోపల బిగుసుకునే ఉంటుంది. మీరు లాగుతారు, అది ఎదురు లాగుతుంది. అక్కడే దెబ్బ తగులుతుంది."

ఆయన నోట్లోంచి ఆ రెండు రోజుల్లో వచ్చిన పనికొచ్చే మాట అదొక్కటే. సరిగ్గా ఆ మాటకే ఇనపక్క లేచి నిలబడింది.

"నాకా ఇబ్బందే లేదు మాస్టారూ. మా అత్తగారి చెయ్యి నేను పట్టుకోనే అక్కర్లేదు. నేనలా దగ్గరికి వస్తే చాలు, దానంతటదే లేస్తుంది. గాల్లో తేలుతుంది. కావాలంటే దీన్నడగండి," అని తోడికోడల్ని చూపించింది.

"అవునండీ, లేస్తుంది," అంది తోడికోడలు.

మాస్టారు ఈసారి కళ్ళు మూసుకోలేదు. "దానంతటదేనా?" అన్నాడు.

"దానంతటదే!"

"అయితే ప్రాక్టికల్‌కి ఆవిడనే తీసుకురండి."

ఎవరి బాడీని వాళ్ళు తెచ్చుకోవడం ఆ పరీక్షలో పద్ధతే. ఇనపక్క మాత్రం ఆ పిలుపుని సన్మానంలా తీసుకుంది. ఇంటికెళ్ళే దారంతా, "చూశావా, ఆయనకి నోట మాట రాలేదు," అని తోడికోడలి బుర్ర తినేసింది.

పరీక్ష రోజు అత్తగారికి ఉతికిన బట్టలు కట్టి, జుట్టు బిగించి ముడివేసి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకొచ్చింది. "మీరేం భయపడకండి అత్తయ్యా. ఎప్పుడూ ఎలా పడుకుంటారో అలాగే పడుకోండి. ఆయనేమైనా అడిగితే బాగుందని చెప్పండి." అత్తగారు తలూపింది. తోడికోడలు తన చెల్లెల్ని తెచ్చుకుంది. ఆ పిల్ల ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది. మనిషి భారీగా ఉంటుంది, నిలబడి కూడా నిద్రపోగలదు. టేబుల్ ఎక్కిన మరుక్షణం గురక మొదలుపెట్టింది.

ఇనపక్క వంతు వచ్చింది. చేతులకి నూనె రాసుకుని, చుట్టూ ఒకసారి చూసి, మొదలుపెట్టింది. ఏం చెప్పమంటారు, కళ్ళు చాలలేదు జనానికి. ఆవిడ కుడివైపుకి అడుగు వేసిందో లేదో, అత్తగారి కుడిచెయ్యి లేచింది. కాళ్ళ వైపు నడిస్తే మోకాలు మడుచుకుంది. తల దగ్గరికొస్తే మెడ తిరిగింది. చూసేవాళ్ళల్లో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టబోయారు. ఇనపక్క మాస్టారి వైపు కనుబొమలెగరేసింది.

మాస్టారు దగ్గరికొచ్చాడు. "ఇప్పుడు చెయ్యెత్తింది ఎవరండీ?"

"నేనే!"

"మీ చేతులు ఇంకా ఆవిడకి తగల్లేదు కదా."

"అదే కదండీ నా గొప్ప!"

మాస్టారు స్పీకరు దగ్గరికి వెళ్ళాడు. జలపాతం ఆపేశాడు. క్లాసు మొదలయ్యాక ఆ హాల్లో నీళ్ళ చప్పుడు వినపడకపోవడం అదే మొదటిసారి. "బాడీలు మార్చుకోండి," అన్నాడు. "మీరు ఆ పక్క టేబుల్‌కి వెళ్ళండి. ఆవిడ మీ అత్తగారికి చేస్తారు."

ఇనపక్క విసురుగా పక్క టేబుల్ దగ్గరికి నడిచింది. గురక పెడుతున్న నర్సు పిల్ల కుడివైపు వచ్చి నిలబడింది. చెయ్యి లేవలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగింది. లేవలేదు. గొంతు సవరించుకుంది. ఊహూఁ. ఆ చెయ్యి టేబుల్ మీద తడిసిన దుప్పట్లా పడి ఉంది.

ఇక్కడొక సంగతి బయటపడింది. ఇన్నేళ్ళ అనుభవమున్న ఇనపక్కకి చెయ్యెత్తడం రాదు. రావాల్సిన అవసరమే ఎప్పుడూ పడలేదు. సెంటర్లో కస్టమర్లు ఒక లాగు తినగానే భయపడి వాళ్ళే ఎత్తేవాళ్ళు, ఇంట్లో అత్తగారు ఎత్తేది. పని సగం పడుకున్నవాళ్ళు చేస్తే, పేరు మొత్తం నిలబడ్డావిడ కొట్టేసింది. ఇప్పుడు నిజంగా బరువున్న చెయ్యి ఎదురయ్యేసరికి ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. మణికట్టు దొరికింది, పట్టుకుంది. ఇనుప పట్టే. ఒక్క లాగు లాగింది.

"అమ్మో, చచ్చాన్రా!"

నర్సు పిల్ల టేబుల్ మీంచి ఒక్క గెంతు గెంతి లేచి కూర్చుంది. కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే కుర్రాడు కూడా పని ఆపేశాడు.

"ఎంత?" అని అడిగాడు మాస్టారు.

"ఏంటి ఎంత? నా భుజమేదీ?" అంది ఆ పిల్ల, భుజం తడుముకుంటూ. ఆ పిల్ల ఈ క్లాసు మనిషి కాదు. తిరిగి ఎవరికీ మసాజ్ చేయక్కర్లేదు. అందుకని నిజం చెప్పింది. "పది! పన్నెండు! ఏంటక్కా, పీకి ఇంటికి పట్టుకెళ్దామనుకున్నావా?"

"ఒళ్ళు వదలవేం మరి? వయసులో ఉన్నదానివి, ఇంతోటి దానికే అరుస్తావా? మా అత్తగారిని చూసి నేర్చుకో!" అని ఇనపక్క పక్కకి తిరిగింది.

పక్క టేబుల్ మీద అత్తగారి కుడిచెయ్యి గాల్లో నిలబడి ఉంది. తోడికోడలు దాని కింద తన రెండు చేతులూ పెట్టి, అయోమయంగా చూస్తోంది.

"అత్తయ్యా, చెయ్యి వదిలెయ్యండి," అంటోంది. "నా చేతుల్లో పడేయండి, నేను పట్టుకుంటాను."

"ఎలా వదలాలమ్మా?"

"ఊరికే వదిలెయ్యడమే."

అత్తగారు ప్రయత్నించింది. చెయ్యి కిందకి రాలేదు. మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఎందుకమ్మా, మీరే ఎత్తేస్తున్నారు?" అని మామూలు మనిషిలా అడిగాడు. ఆయనకి మామూలు గొంతు కూడా ఉందని అప్పుడే తెలిసింది అందరికీ.

అత్తగారు పెద్దకోడలి వైపు చూసింది, తర్వాత మాస్టారి వైపు చూసింది. బాగుందని చెప్పమంది కదా కోడలు, కానీ ఈయన అడిగింది బాగుందా అని కాదు. ఎందుకని అడిగాడు. దానికి జవాబు ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. అందుకని ఉన్నది చెప్పేసింది.

"మా పెద్దకోడలు లాగితే భుజం ఊడొచ్చినట్టుంటుంది బాబూ. ముందు నుంచే నొప్పి భుజం నాది. అందుకని తను పట్టుకునేలోపే నేనే ఎత్తేస్తాను. నేను ఎత్తుకుంటే అంత ఉండదు."

"కాలు?"

"కాలూ అంతే."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే ఇంకెవరో. నిన్నటిదాకా మూళ్ళూ నాలుగులూ చెప్పుకున్న జనమే, తమ వంతు కానందుకు హాయిగా నవ్వుకున్నారు. ఇనపక్క అత్తగారి టేబుల్ దగ్గరికి వచ్చింది.

"మరి బాగుంది, బాగుంది అన్నారు కదా!" అంది. "ఇన్నేళ్ళూ బాగుందన్నారు కదా అత్తయ్యా!"

"బాగాలేదంటే మళ్ళీ మొదట్నుంచీ మొదలెడతావు కదమ్మా," అంది అత్తగారు.

ఈసారి మాస్టారు కూడా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

ఇనపక్క తప్పింది. తోడికోడలు కూడా గొప్పగా ఏమీ పాసవలేదు, అత్తగారి చెయ్యి ఆవిడకీ బరువు ఇవ్వలేదు గానీ, లాగలేదు కాబట్టి గట్టెక్కింది. వచ్చే బ్యాచ్‌లో మళ్ళీ రమ్మన్నాడు మాస్టారు ఇనపక్కని. "బాడీగా ఆవిడనే తీసుకురండి," అన్నాడు. "ఆవిడ చెయ్యి మీ చేతుల్లో పడ్డ రోజు నేను కళ్ళు మూసుకుని పాస్ చేస్తాను."

తిరుగు బస్సెక్కారు. తోడికోడలు రెండుసార్లు ఏదో అనబోయి, అక్క మొహం చూసి మింగేసింది. ఇల్లు చేరి, తలుపు వేశాక విరుచుకుపడింది ఇనపక్క.

"నలుగురిలో నా పరువు తీశారు! నాకు చెప్పాలి కదా ఆ ముక్క! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చెబితే ఏం పోయింది మీ సొమ్ము?"

అత్తగారు చెప్పులు విడిచి గోడవారగా పెట్టింది. "నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా."

"అడగలేదా? ప్రతి ఆదివారం అడిగాను!"

"బాగుంది కదా అన్నావు," అంది అత్తగారు. ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. అదే ఇనపక్కని కాల్చేసింది. "అలా అంటే ఏం చెబుతాం? అవుననాలి కదా."

ఇనపక్క గిర్రున వెనక్కి తిరిగింది. వంటగదిలోకి వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగింది, ఇంకో గ్లాసు తాగింది. సిగ్గుతో చచ్చిపోతోంది. జనం నవ్వినందుక్కాదు, వాళ్ళ మొహాలకేం, రేపు వాళ్ళూ పడతారు. ఇన్ని ఆదివారాలు ఆ ముసలి ప్రాణం తన అడుగుల చప్పుడు విని, తను తాకకముందే చెయ్యెత్తుకుంటూ పడుకుంటే, దాన్ని తను విద్య అనుకుని ఊరంతా చాటుకుంది. ఛీ అనిపించింది. తన మీద తనకే అలా అనిపించడం ఆవిడకి కొత్త.

మర్నాటి నుంచి తువ్వాళ్ళ గది. ఆ సంగతులు చెప్పి మిమ్మల్ని విసిగించను. మిషను రొద ఎలా ఉంటుందో అలాగే ఉంది, తడి బట్టల వాసనా అలాగే ఉంది. సెంటరు పిల్లలు తలుపు సందులోంచి తువ్వాళ్ళు విసిరి, "సారీ ఇనపక్కా, చూడలేదు," అని పోయేవాళ్ళు. ఇదివరకైతే ఒక్కొక్కళ్ళ తాట తీసేది. ఇప్పుడు మడతలు పెడుతూ కూర్చునేది. టేబుల్ మీద ధ్యాస మాత్రం పోలేదు. తువ్వాలు అందుకున్నప్పుడల్లా కింద రెండు అరచేతులూ పెట్టి, దాని బరువు దిగేదాకా ఆగి ఎత్తేది. చూసినవాళ్ళు ఈవిడకి మతి చలించిందనుకున్నారు. అనుకోనీ.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఇనపక్క చాప పరిచింది. దుప్పటి వేసింది. నూనె గిన్నె తీయలేదు. అత్తగారు ఎప్పట్లాగే వచ్చి వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. పైవాటా నుంచి తోడికోడలు మెట్ల మీద సగం దాకా దిగివచ్చి, ఊచల్లోంచి తొంగిచూస్తోంది. ఇనపక్క చూసింది గానీ ఏమీ అనలేదు.

చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి లేచింది.

"అది కాదు అత్తయ్యా. దింపెయ్యండి," అంది మెల్లగా. మెల్లగా అనడం అలవాటు లేక ఆ మాట ఇంకెవరో అన్నట్టు వినపడింది.

అత్తగారు దింపింది. ఇనపక్క మోచేతి కింద ఒక చెయ్యి, మణికట్టు కింద ఒక చెయ్యి పెట్టింది. ఆ కండ రాయిలా ఉంది. ఇన్నేళ్ళూ ఆ చేతిని పట్టుకుంటూ కూడా ఇది తనకెలా తెలియలేదో ఆవిడకి అర్థం కాలేదు. ఎత్తలేదు. మాస్టారు చేసినట్టే ఊరికే ఉంది. వచ్చే బ్యాచ్‌లోగా ఈ చెయ్యి తన చేతుల్లోకి దిగాలి. దిగకపోతే ఆ కిటికీ లేని గదే గతి. అదే అనుకుంటూ వచ్చింది ఇందాకటిదాకా. ఇప్పుడు మాత్రం టేబుల్ సంగతి కూడా గుర్తు లేదు. ఈ బిగువు ఒక్క పిసరు, ఒక్క పిసరంటే ఒక్క పిసరు సడలితే చాలనిపించింది.

"నేను లాగను అత్తయ్యా. వదిలెయ్యండి."

"వదిలేశానమ్మా."

ఇనపక్క తన చేతుల్ని మెల్లగా కిందకి జార్చి చూసింది. అత్తగారి చెయ్యి చాప మీద వాలలేదు. దాని కింద ఇప్పుడు ఏమీ లేదు, అయినా బెత్తెడు ఎత్తున అలాగే నిలబడి ఉంది. ఆ సంగతి అత్తగారికి తెలియను కూడా తెలియదు. నిజంగానే వదిలేశాననుకుంటోంది.

ఇనపక్క మళ్ళీ చేతులు కింద పెట్టింది. కూర్చుంది. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మెట్ల మీద తోడికోడలు ఇంకో మెట్టు దిగింది. కాసేపటికి అత్తగారి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాయి, నుదుటి మీద సన్నగా చెమట పట్టింది.

"లాగవేమమ్మా?" అంది ఆఖరికి, ఉండబట్టలేక. "లాగేదేదో తొందరగా లాగెయ్ తల్లీ. ఇలా పట్టుకుని కూర్చుంటే ఇంకా భయంగా ఉంది."